కర్రిగాడూ, నా తాళాలగుత్తీ, గోడవతల ఆయనా

ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసేసరికి కాలికింద కాగితం నలిగింది. తలుపు సందులోంచి ఎవరో లోపలికి తోశారు. మడతలు విప్పి చూస్తే తిట్లేం లేవు. టైములు రాసి ఉన్నాయి. "సోమవారం 9.12 నుంచి 9.50. మళ్ళీ 10.05 నుంచి 10.20. తర్వాత 11.40. బుధవారం 9.08 నుంచి 9.55." అలా పది పన్నెండు వరుసలు. అడుగున ఫ్లాటు నంబరు. అంతే.

మా పక్క ఫ్లాటే. ఆయనకి రాత్రి డ్యూటీ. పొద్దున ఏడున్నరకి ఇల్లు చేరి, తొమ్మిదింటికల్లా పడుకుంటారు. నేను తొమ్మిదికి తాళం వేసి బయల్దేరతాను. ఆయన పడగ్గదికీ మా హాలుకీ మధ్య ఉన్నది ఒక్కటే గోడ.

నేను ఆ కాగితం చదువుతున్నంతసేపూ కర్రిగాడు నా చెప్పొకటి నోట కరుచుకుని, తోక ఊపుకుంటూ నా చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉన్నాడు.

కర్రి మా కుక్క. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం చిన్న తెల్ల మచ్చ. రెండు నెలల పిల్లగా వచ్చాడు. వాడొచ్చాక ఏడాదిన్నర పాటు నేను ఇంటి నుంచే పని చేశాను. నా కుర్చీ చక్రాల పక్కనే వాడి పడక. బాత్రూమ్‌కి వెళ్తే తలుపు బయట కాపలా. "నన్ను వదిలి క్షణం ఉండడు" అని అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్పే గోడవతల ఆయన నిద్రకి ఎసరు పెడుతుందని అప్పుడు తట్టలేదు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా లోకం అలవాటు చెయ్యాల్సిన వయసని ఎక్కడో చదివి, రకరకాల మనుషుల్నీ బళ్ళనీ చప్పుళ్ళనీ శ్రద్ధగా చూపించాను. ఒంటరిగా ఉండటం ఒక్కటే చూపించలేదు. చూపించే అవకాశమే రాలేదు, నేనెప్పుడూ ఇంట్లోనే కదా.

తర్వాత ఆఫీసువాళ్ళు వారానికి మూడు రోజులు రమ్మన్నారు. నేను వెళ్ళాను. కాగితం వచ్చింది.

ఆ సాయంత్రమే వెళ్ళి ఆయన తలుపు తట్టాను. నిజం చెప్పొద్దూ, "కుక్కన్నాక మొరగదా అండీ" అన్న మాట నాలుక చివరే పెట్టుకుని వెళ్ళాను. ఆయన తలుపు తీశారు. కళ్ళు ఉబ్బి, కింద నల్లగా చారలు. నా మాట గొంతులోనే ఉండిపోయింది.

"అరుపుకి అలవాటు పడొచ్చండీ," అన్నారాయన. "ఆగిపోయాక, మళ్ళీ ఎప్పుడు మొదలెడుతుందా అని చెవులు రిక్కించి పడుకోవడం ఉంది చూశారూ, అదీ నిద్ర పట్టనివ్వంది."

ఒక నెల టైమివ్వమని అడిగాను. పట్టింది నాలుగు నెలలు.

ముందు అందరి సలహాలూ విన్నాను. టీవీ పెట్టి వెళ్ళమన్నారు, పెట్టాను. అప్పుడు గోడవతల ఆయనకి కుక్కా, టీవీ రెండూ వినపడ్డాయి. పొద్దున్నే అలిసిపోయేదాకా నడిపించమన్నారు. గంట నడిపించాను, నేను అలిసిపోయాను. ఇంకో కుక్కని తెచ్చి తోడు పెట్టమన్నారు. అది మాత్రం చెయ్యలేదు, అదృష్టం. మావాడికి కావాల్సింది తోడు కుక్క కాదు, మనిషి. రెండో కుక్క వస్తే రెండు గొంతులయ్యేవి. ఆఫీసులో ఒకాయన, మొరిగితే షాక్ కొట్టే బెల్టు ఉంటుంది, మెడకి కట్టెయ్యమన్నాడు. భయపడి అరిచేవాడికి అరిచినందుకు నొప్పి పెడితే భయం ఎలా తగ్గుతుందో ఆయన చెప్పలేదు.

అన్నింటికన్నా పెద్ద తప్పు నా సొంత బుర్రలో పుట్టింది. గోడకి దూరంగా ఉన్న వెనక గదిలో పెట్టి తలుపు వేస్తే చప్పుడు అటు పోదు కదా అనుకున్నాను. సాయంత్రం వచ్చి ఆ గది తలుపు తీస్తే, లోపలివైపు అడుగు నుంచి జానెడు ఎత్తు దాకా రంగు లేచిపోయి చెక్క కనిపిస్తోంది. చెక్క పేళ్ళ మధ్య ఎర్రగా ఏదో గీతలు. కర్రిగాడు ముందు కాలు పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. గోరొకటి మొదలంటా విరిగి వేలాడుతోంది. ఆ తలుపుకి మళ్ళీ రంగు వేయించలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ పాటికే వాణ్ణి రెండు మూడుసార్లు తిట్టి ఉన్నాను కూడా. ఇంటికొచ్చి కొరికిన చెప్పు చూపించి "ఏంట్రా ఇది?" అంటే చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు పక్కకి తిప్పుకుని, నేల మీద ముడుచుకుపోయేవాడు. చూశారా, తప్పు చేశానని వాడికీ తెలుసు అనుకునేదాన్ని. ఆ మొహం గురించి అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదట. యజమాని తిడితే చాలు, ఏ పాపం ఎరగని కుక్క కూడా అదే మొహం పెట్టింది. మావాడు ముడుచుకుపోయింది తప్పు చేసినందుకు కాదన్నమాట, నా గొంతుకి. అది తెలిశాక కొన్నాళ్ళపాటు వాడి మొహం చూడాలంటే నాకే సిగ్గేసింది.

గోరు విరిగిన మర్నాడు పాత ఫోనొకటి పుస్తకాల అలమరలో నిలబెట్టి, వీడియో పెట్టి వెళ్ళాను. వెళ్ళేముందు వాడికి ప్రాణమైన తిండి ఒక గిన్నెలో పెట్టాను. మధ్యాహ్నం ఆఫీసులో ఓ మూల కూర్చుని, సౌండ్ తీసేసి, ఫోన్లో చూశాను.

తలుపు పడింది. వాడు కదల్లేదు. పద్నాలుగు సెకన్లు, నేను లెక్కపెట్టాను, అలా చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డాడు. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన సన్నటి కీచు చప్పుళ్ళు వినపడవు, కుక్కకి దాదాపు 45,000 దాకా వినపడతాయంటారు. లిఫ్టు దిగిపోవడం, కింద గేటు మూసుకోవడం, అన్నీ వింటున్నాడన్నమాట. తర్వాత తలుపు దగ్గరికెళ్ళి కింది సందుకి ముక్కు ఆనించాడు. పొట్ట ఎగిరెగిరి పడుతోంది, వాసన పీలుస్తున్నాడు. ఆ తర్వాత తల పైకెత్తాడు. సౌండ్ లేకపోయినా అది ఊళ అని తెలుస్తూనే ఉంది. అరగంటకి వాడి కింద నేల మీద చొంగ మడుగు కట్టింది. గిన్నె వైపు ఒక్కసారి కూడా చూడలేదు. సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే వెళ్ళి ఒక్క గుటకలో ఖాళీ చేశాడు.

అల్లరి కుక్క అయితే గిన్నె ఖాళీ చేసి అల్లరి చేసేది. ఇది వేరే సంగతి అని అప్పుడే అర్థమైంది.

పక్కింటాయన కాగితంలో టైముల్నీ, తర్వాతి రోజుల వీడియోల్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఆయన లెక్క మహా కచ్చితం. ఒక్క 11.40 మాత్రం మావాడిది కాదు, కింది అంతస్తు కుక్కది. ఆ మాట ఆయనతో అనలేదు. తొంభై పాళ్ళు మన తప్పయినప్పుడు మిగతా పది పాళ్ళకి వాదన పెట్టుకోవడం తెలివైన పని కాదు.

పశువుల డాక్టరుగారు ముందు ఒంట్లో ఏమైనా ఉందేమో చూశారు. ఉచ్చ పరీక్ష చేయించారు, కీళ్ళు నొక్కి చూశారు, చెవుల్లోకి లైటు వేశారు. నొప్పి ఉన్న కుక్క కూడా ఇలాగే గోల పెడుతుందట. అవేం లేవని తేలాక వీడియో చూపించమన్నారు. రెండు నిమిషాలు చూసి, "సెపరేషన్ యాంగ్జైటీ" అన్నారు. మీరు లేరని కోపం కాదమ్మా ఇది, భయం, లిఫ్టులో ఇరుక్కున్న మనిషికి పుట్టేలాంటి భయం అన్నారు. ఆ పోలిక నాకు తర్వాత ఎలా గుర్తొచ్చిందో చెప్తాను.

ఆయన చెప్పిన పద్ధతి వినడానికి చాలా చిన్నది. భయం మొదలయ్యేలోపే తిరిగి వచ్చెయ్యాలి. వాడు అయిదు సెకన్లు ఓర్చుకోగలిగితే నాలుగో సెకనుకి తలుపు తియ్యాలి. అలా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ఎక్కువ గొడవంతా మొదటి 40 నిమిషాల్లోనే ఉంటుంది కాబట్టి అక్కడిదాకా చీమ నడక. అది దాటాక కొంచెం పెద్ద అంగలు వెయ్యొచ్చు. గంటన్నర నిమ్మళంగా ఉండగలిగిన కుక్క మామూలుగా నాలుగైదు గంటలు కూడా ఉంటుంది. ఇదంతా నడుస్తున్నన్నాళ్ళూ వాణ్ణి ఒక్కసారి కూడా ఓర్చుకోలేనంతసేపు ఒంటరిగా వదలకూడదు. అసలు కష్టమంతా ఈ చివరి షరతులోనే ఉంది.

మందు కూడా ఉందన్నారు. అక్కర్లేదండీ, ముందు ఇది చేసి చూస్తాను అన్నాను. కుక్కకి మనసు మందేమిటని లోపల్లోపల నవ్వుకున్నాను కూడా. దాని సంగతికీ వస్తాను.

ఇంటికొచ్చి వీడియో మళ్ళీ మొదటి నుంచి చూశాను, ఈసారి తలుపు పడకముందు భాగం. వాడి భయం తలుపుతో మొదలవ్వట్లేదు. నా అలారం మోగినప్పుడు ఒక కన్ను తెరుస్తున్నాడు. తల దువ్వుకుంటుంటే లేచి నిలబడుతున్నాడు. బ్యాగు జిప్పు లాగగానే ఆవలింతలు మొదలు, నిద్రకి కాదు, కంగారుకి. తాళాలగుత్తి గలగలమనేసరికి వెనక కాళ్ళు వణుకుతున్నాయి. అంటే నేను గడప దాటేసరికే వాడు అరగంటగా భయపడుతున్నాడు. పావ్లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త కుక్కలకి తిండికి ముందు వినిపించిన చప్పుడు ఎలాంటిదో మావాడికి నా తాళాలు అలాంటివి. అక్కడ నోరూరింది, ఇక్కడ గుండె జారింది. (అన్నట్టు, పావ్లోవ్‌కి 1904లో నోబెల్ వచ్చింది దీనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పనికి. గంట మోగించాడని అందరం అంటాం గానీ, టిక్కుటిక్కుమని లయ కొట్టే మెట్రోనోమ్ కూడా బాగా వాడాడు.)

కాబట్టి మొదటి వారం గడప దాటలేదు. తాళాలు తీసి గలగలలాడించి, కూర్చుని లాప్‌టాప్ తెరిచేదాన్ని. బ్యాగు భుజాన తగిలించుకుని గిన్నెలు కడిగేదాన్ని. బయటికెళ్ళే చెప్పులేసుకుని సోఫాలో పడుకునేదాన్ని. అలారం పొద్దున ఒకటే కాకుండా పదింటికి, మధ్యాహ్నం మూడింటికి, సెలవు రోజుల్లో కూడా, వేళాపాళా లేకుండా పెట్టేశాను. ఇంట్లో ఇంకో మనిషుంటే నన్ను డాక్టరుకి చూపించేవాళ్ళు. మొదటి రోజు గలగల వినపడ్డ ప్రతిసారీ వాడు లేచి తలుపు దాకా వెళ్ళాడు. రెండో రోజు లేచాడు గానీ వెళ్ళలేదు. అయిదో రోజు పొద్దున, వాడు పక్కకి తిరిగి పడుకుని ఉండగా తాళాలు తీశాను. పైకున్న చెవి ఒక్కటే, అదీ చివర మాత్రం, ఇటు తిరిగింది. ఒక క్షణం ఆగి మళ్ళీ వాలిపోయింది. నా ఉద్యోగంలో ఎన్ని మెప్పులొచ్చినా అంత సంతోషం కలగలేదు.

తర్వాత సెకన్లు. బయటికెళ్ళి, తలుపు వేసి, మూడు లెక్కపెట్టి లోపలికి. వచ్చాక ముద్దులు, పలకరింపులు లేవు. ఏమీ జరగనట్టు నా పని నేను చూసుకోవాలి. రోజుకి ఇరవైసార్లు. ఇంటి నుంచి పని చేసే రెండు రోజుల్లో చెవికి హెడ్‌సెట్ పెట్టుకుని, నేను మాట్లాడక్కర్లేని మీటింగుల్లో ఈ కార్యక్రమం నడిపేదాన్ని. ఒకరోజు మైకు మ్యూట్ చెయ్యడం మర్చిపోయాను. "మీ ఇంట్లో ఎవరో తలుపులు రిపేరు చేస్తున్నట్టున్నారు" అన్నారు మేనేజరుగారు. ఇక దాచలేక సంగతంతా చెప్పాను. లైన్లో ఉన్న ఎనిమిది మందీ నవ్వారు. మేనేజరుగారు నవ్వలేదు. మీటింగయ్యాక విడిగా ఫోను చేసి, తన చిన్నప్పటి కుక్క సంగతొకటి చెప్పి, రెండు నెలలపాటు నా మూడు ఆఫీసు రోజుల్లో ఒకటి తగ్గించారు.

మిగిలిన రెండు రోజులకి ఎదురింటి మామ్మగారు. "కుక్కలంటే నాకు పడదే అమ్మాయ్," అన్నారు. "వాణ్ణి నా మీదకి ఎగరనివ్వకు. కుర్చీ కింద పడుంటానంటే ఉండమను." మొదటి రోజు అలాగే కుర్చీ కింద పడున్నాడు. మూడో వారానికి ఆవిడ నాకు ఫోను చేసి, వీడు మధ్యాహ్నం సరిగ్గా తినలేదు, ఏమన్నా అన్నావా అని అడిగారు.

పక్కింటాయనతో కూడా ఒప్పందం కుదిరింది. ఆయన నిద్ర లేచాక, సాయంత్రం అయిదు ప్రాంతంలోనే ఎక్కువసేపు బయటికెళ్ళే ప్రయత్నం చేసేదాన్ని. వెళ్ళేముందు "ఈరోజు 12 నిమిషాలు" అని మెసేజ్ పెడితే, తిరిగొచ్చాక ఆయన జవాబు ఉండేది. "నిశ్శబ్దం." లేదా "9వ నిమిషంలో ఒక చిన్న మూలుగు." మూలుగు వస్తే మర్నాడు ఆరు నిమిషాలకి దిగేదాన్ని. ప్రతి రోజూ పెంచుకుంటూ పోకూడదు, మధ్యమధ్యలో రెండు నిమిషాలూ ఒక నిమిషం కూడా ఉండాలి, లేకపోతే వాడికి లెక్క తెలిసిపోతుంది. ఏ వీడియో పట్టలేని మూలుగు కూడా ఆయన చెవి పట్టేది. నెలల తరబడి దానికోసమే కాచుక్కూర్చున్న చెవి కదా.

ఆరో వారంలో 32 నిమిషాలకి చేరాం. ఆ శనివారం కిందికి దిగి, వీధి చివరిదాకా నడిచి, సంతోషంగా తిరిగొచ్చి లిఫ్టెక్కాను. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య అది ఆగిపోయింది. లైటు ఆరింది. అలారం బటన్ నొక్కి, గోడకి ఆనుకుని, ఫోన్లో ఇంటి వీడియో తెరిచాను. 38వ నిమిషంలో వాడు లేచాడు. 41లో తలుపు దగ్గరికెళ్ళాడు. 45లో తల పైకెత్తాడు. నా పైన ఎక్కడో ఊళ వినపడుతోంది, చేతిలో ఫోన్లో కూడా అదే ఊళ, ఒక సెకను వెనగ్గా. నాకు ఊపిరాడటం లేదు, చెమటలు, ఎవరో ఒకరు రావాలి, ఇప్పుడే రావాలి. డాక్టరుగారి పోలిక ఉన్నపళంగా గుర్తొచ్చింది. నన్ను బయటికి తియ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వాణ్ణి మామూలు చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెప్పలేను. మర్నాడు రెండో నిమిషానికే వణికాడు. ఆరు వారాల పని లిఫ్టు గుంతలో పడిపోయింది.

మళ్ళీ డాక్టరుగారి దగ్గరికెళ్ళి ఆ మందు రాయమన్నాను. ఫ్లూఒక్సెటిన్, వాడి బరువు తూచి రాశారు. మత్తుమందు కాదమ్మా, వెంటనే పని చెయ్యదు, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మందు ఒక్కటే వేసి అలవాటు చేయించడం మానేస్తే లాభం లేదు అన్నారు. మనుషులకిచ్చే మాత్రలు ఇంట్లో ఉన్నాయని సొంతంగా విరిచి వేసేవాళ్ళుంటారు, ఆ పని చెయ్యకండి అని కూడా అన్నారు. మొదటి వారం తిండి కాస్త తగ్గించాడు, తర్వాత సర్దుకున్నాడు. అయిదో వారంలో తేడా కనిపించింది. కుక్క మారలేదు. అదే చెప్పు, అదే తోక, అదే అల్లరి. తలుపు పడ్డాక ఆ పద్నాలుగు సెకన్లు నిలబడటం మాత్రం పోయింది. ఒకసారి తలుపు వైపు చూసి, గుండ్రంగా తిరిగి, పడుకుంటున్నాడు. మొదటిరోజే మందుకి ఒప్పుకుని ఉంటే మా అందరికీ రెండు నెలలు కలిసొచ్చేవి. అక్కర్లేదన్నది నా బింకమే, వాడి మంచి కోసం కాదు.

40 దాటిన రోజు ఎవరం గమనించలేదు. నేను ఆఫీసు ఫోనులో పడి టైము మర్చిపోయి 52 నిమిషాలకి వచ్చాను. గిన్నె ఖాళీ. వాడు లేచి కూడా రాలేదు, తోక మాత్రం రెండుసార్లు నేలకేసి కొట్టాడు. ఆ తర్వాత గంటన్నర, రెండున్నర, మూడు. డాక్టరుగారు చెప్పినట్టే పెద్ద అంగలు.

ఇప్పుడు నాలుగు గంటలు ఉంటాడు. అంతకు మించి ఉంచను. మధ్యాహ్నం మామ్మగారు తాళం తీసి వాణ్ణి తనింటికి తీసుకెళ్తారు. పడదన్న మనిషే. ఉరుములొస్తే ఇప్పటికీ మంచం కిందే, నేను ఇంట్లో ఉన్నా సరే. మందు డాక్టరుగారు మెల్లగా తగ్గిస్తున్నారు.

మొన్న ఆదివారం చాలా రోజుల తర్వాత పక్కింటాయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పేరు చూడగానే గుండె గుభేలుమంది. కర్రిగాడు నా కాళ్ళ దగ్గరే నిద్రపోతున్నాడు, వాడు కాదే అనుకుంటూ తెరిచాను.

"కుక్క గొడవేం లేదండీ. మీ అలారం ఒకటి పదింటికీ, మూడింటికీ, సెలవు రోజుల్లో కూడా మోగుతోంది. దాని సంగతేమన్నా చూడగలరా?"

ఫోన్లో గడియారం తెరిచి చూస్తే ఏడు అలారాలున్నాయి.